పదేళ్లు దాటిన సిస్టం: ఆటల కోసం అప్‌గ్రేడ్ చేయాలా, కొత్తది కట్టించాలా?

గోదావరిగట్టు
మా ఇంట్లో ఉన్నది 2015లో రాజమండ్రిలో అసెంబుల్ చేయించిన సిస్టం. ఇంటెల్ ఐ5-4460 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 8 జీబీ డీడీఆర్3 ర్యామ్ ఒకే స్టిక్, 1 టీబీ హార్డ్‌డిస్కు, క్యాబినెట్‌తో పాటే వచ్చిన ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా పెట్టె). 2017లో జీటీఎక్స్ 1050 టీఐ 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు వేయించాను. ఆ తరువాత దానిమీద ఏమీ ఖర్చు పెట్టలేదు. మానిటర్ 1600×900, 60 హెర్ట్జ్.

వాలరెంట్ ఆడుతుంటే గొడవ ముదిరినప్పుడల్లా తెర ఒక్క క్షణం బిగుసుకుపోతోంది. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 అన్ని సెట్టింగులూ తగ్గించినా ఊళ్లోకి గుర్రం దిగగానే సెకనుకు 30 ఫ్రేముల దగ్గర ఆగిపోతోంది. ఎల్డెన్ రింగ్, సైబర్‌పంక్ కూడా ఆడాలని ఉంది. నా దగ్గర ఉన్నది 30 వేలు. ఒక దుకాణంలో అడిగితే కార్డు మార్చితే చాలన్నారు, ఇంకో దుకాణంలో అడిగితే ఆ డబ్బాకు దండం పెట్టి కొత్తది కొనమన్నారు. ఇద్దరూ అమ్ముకునేవారే కాబట్టి ఎవరి మాట నమ్మాలో తేలక ఇక్కడ అడుగుతున్నాను.

పార్క్‌లేన్_బాటసారి
రెండో దుకాణం వారి మాటే సరైనది. నాలుగో తరం ఇంటెల్ మీద ఇప్పుడు పెట్టే ప్రతి రూపాయీ నీళ్లలో పోసినట్లే. ఆ ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌కు ఇంక కొత్త ప్రాసెసర్ రాదు, డీడీఆర్3 ర్యామ్ తరువాతి బోర్డులో పనికిరాదు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీలో ఇలాంటి సిస్టంలు కట్టలు కట్టలుగా పడి ఉన్నాయి. పాతదాన్ని వచ్చినంతకు వదిలించుకొని ఏఎండీ రైజెన్ 5 5600 ప్రాసెసర్ మీద కొత్తది మొదలుపెట్టండి.

నిదానమే_ప్రధానం
పార్క్‌లేన్ గారి తీర్పు తొందరపాటుగా ఉంది. రోగం ఏమిటో చూడకుండానే ఆపరేషన్ చేయమంటున్నారు. ప్రశ్న వేసినవారు చెప్పిన రెండు ఆటల్లో ఇబ్బంది ఒకే రకమైనది కాదని నా అనుమానం. క్షణకాలం బిగుసుకుపోవడం వేరు, మొదటినుంచీ తక్కువ ఫ్రేములే రావడం వేరు.

ముందుగా కొలవండి. ఎమ్‌ఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకుంటే ఆట నడుస్తుండగానే తెర మూలన కార్డు వాడకం, ప్రాసెసర్ వాడకం, రెండింటి వేడి, ర్యామ్, కార్డు మెమరీ అన్నీ కనిపిస్తాయి. కార్డు వాడకం 97 నుంచి 99 శాతం దగ్గర నిలిచి ఉంటే అక్కడ అడ్డుపడుతున్నది కార్డు. కార్డు 50, 60 శాతంలో ఊగుతూ ఉండి ఫ్రేములు కూడా పడిపోతుంటే అడ్డు ప్రాసెసర్ వైపు ఉంది. ప్రాసెసర్ అంకెను మొత్తంగా కాకుండా కోర్ల వారీగా చూడండి, ఎందుకంటే మొత్తం 60 శాతమే చూపిస్తున్నా ఆట బరువంతా మోస్తున్న ఒక్క కోర్ నిండిపోయి ఉండవచ్చు. వేడి అంకెలు కూడా తప్పకుండా రాసుకోండి.

కరెంటు_కోత
కొలతలు తరువాత. క్యాబినెట్‌తో పాటే వచ్చిన ఎస్‌ఎంపీఎస్ అన్న మాట చదవగానే నాకు భయం వేసింది. పక్క మూత తీసి ఎస్‌ఎంపీఎస్ మీద అంటించిన కాగితం చదవండి. పైన 450 వాట్లు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది, దాన్ని నమ్మవద్దు. కింద పట్టికలో 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు అని రాశారో చూడండి. అక్కడ 16 అని ఉంటే 12ను 16తో హెచ్చించండి, 192 వాట్లు వస్తాయి. ప్రాసెసర్‌కూ కార్డుకూ ప్రధానంగా అందేది ఆ 12 వోల్టుల లైనే. సరైన కంపెనీ 450 వాట్ల యూనిట్‌లో అదే గడిలో 30కి పైనే ఉంటుంది.

మీ 1050 టీఐ గరిష్ఠంగా 75 వాట్లు తీసుకుంటుంది, అదీ బోర్డు స్లాట్ నుంచే. అందుకే ఇంతకాలం బండి నడిచింది. దానికంటే పెద్ద కార్డు ఏది పెట్టినా ఆ ఎస్‌ఎంపీఎస్ మీద పెట్టకండి.

రాత్రిడ్యూటీ
మా బావగారి ఎస్‌ఎంపీఎస్ మీద 500 వాట్లు అని రాసి ఉండేది. పెద్ద కార్డు పెట్టిన వారంలోనే అది పోతూ పోతూ బోర్డును కూడా వెంట తీసుకుపోయింది. కాగితం మీది 500 మాత్రం ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

అరవైహెర్ట్జ్
గోదావరిగట్టు గారూ, మానిటర్ మార్చే ఆలోచన ఉందా? 60 హెర్ట్జ్ తెర మీద వాలరెంట్ 150 ఫ్రేములు వచ్చినా మీ కంటికి అందేవి 60 మాత్రమే. కాబట్టి సగటు పెంచుకోవడం కన్నా 60 కిందికి పడకుండా చూసుకోవడమే మీకు ముఖ్యం.

గోదావరిగట్టు
మానిటర్ మార్చను. నిదానమే గారు చెప్పినట్లు ఈ రెండు రోజులూ కొలిచాను.

వాలరెంట్: నాలుగు కోర్లూ 95 నుంచి 100 శాతం, కార్డు 45 నుంచి 55 శాతం. ప్రాసెసర్ వేడి 98 డిగ్రీలు, ఒక్కోసారి 100. వేడి ఆ స్థాయికి చేరినప్పుడు 3.2 గిగాహెర్ట్జ్ ఉండవలసిన వేగం 2.4 దగ్గరికి జారిపోతోంది.
రెడ్ డెడ్ 2: కార్డు 99 శాతం, కార్డు మెమరీ దాదాపు పూర్తిగా నిండింది. ప్రాసెసర్ 80, 85 దగ్గర. ర్యామ్ 7.6 జీబీ వాడకంలో ఉంది.
ఎస్‌ఎంపీఎస్ కాగితం మీద 12 వోల్టుల గడిలో 17 ఆంపియర్లు అని ఉంది.

నిదానమే_ప్రధానం
100 డిగ్రీలు అన్న అంకె దగ్గరే నేను ఆగిపోయాను. ఆ ప్రాసెసర్‌కు అదే పైహద్దు. అక్కడికి చేరగానే తనను తాను కాపాడుకోవడానికి అది వేగం తగ్గించుకుంటుంది. మీరు చెబుతున్న క్షణకాలపు బిగుసుకుపోవడంలో ఎక్కువ భాగం ఇదే అయి ఉండాలి. ఇంటెల్ ఇచ్చే చిన్న ఫ్యాను రెక్కల కింద దుమ్ము చాపలా పేరుకొని ఉంటుంది, ప్రాసెసర్ మీద పూసిన థర్మల్ పేస్టు ఇన్నేళ్లలో సున్నంలా ఎండిపోయి ఉంటుంది. కూలర్ ఊడదీసి, పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్త పేస్టు శనగగింజంత పెట్టి బిగించండి. బిగించేటప్పుడు నాలుగు పిన్నులూ బోర్డులోకి టక్కుమని దిగాయో లేదో వెనుకనుంచి చూడండి, ఒక్కటి సరిగా దిగకపోయినా వేడి తగ్గదు. ఖర్చు మూడు, నాలుగు వందలకు మించదు.

ఇక ఈ కొలతల అర్థం: వాలరెంట్‌లో మీకు అడ్డు ప్రాసెసర్, రెడ్ డెడ్‌లో అడ్డు కార్డు. మీ రెండు దుకాణాలవారూ చెరో సగం నిజం చెప్పారన్నమాట. ర్యామ్ కూడా అంచుకు వచ్చేసింది.

హన్మకొండ_హార్డ్‌వేర్
నేను ఇదే వృత్తిలో ఉన్నాను కాబట్టి బోర్డు సంగతి కొంత వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ చర్చలో ఇంతవరకూ అందరూ ప్రాసెసర్ గురించీ కార్డు గురించీ మాట్లాడారు గానీ ఆ రెండింటి మధ్యనున్న దారిని ఎవరూ చూడలేదు.

హెచ్81 చిప్‌సెట్ బోర్డుల్లో కార్డు స్లాట్ పీసీఐ ఎక్స్‌ప్రెస్ 2.0 వేగంతోనే పనిచేస్తుంది. అదే తరంలోని బీ85 బోర్డు అయితే 3.0 వచ్చేది. తక్కువ ధరలో ఇప్పుడు దొరికే కొత్త కార్డుల్లో చాలావాటికి స్లాట్‌లో దిగే అంచు చూడటానికి పొడవుగానే ఉంటుంది, కానీ సమాచారం వెళ్లే దారులు పూర్తిగా పదహారు ఉండవు. ఆర్‌ఎక్స్ 6400, 6500 ఎక్స్‌టీ కార్డులకు నాలుగే. ఆర్‌ఎక్స్ 6600, ఆర్‌టీఎక్స్ 3050, 4060 కార్డులకు ఎనిమిది. కొత్త బోర్డులో పీసీఐ 4.0 మీద ఎనిమిది దారులంటే సెకనుకు సుమారు 16 జీబీ. మీ హెచ్81లో అదే ఎనిమిది దారుల మీద సుమారు 4 జీబీ. నాలుగు దారుల కార్డు పెడితే 2 జీబీ. కార్డు సొంత మెమరీ చాలినంత వరకూ ఈ తేడా అంతగా బయటపడదు. మెమరీ నిండి, ఆట సామగ్రి ర్యామ్‌నుంచి అటూ ఇటూ తిరగడం మొదలయ్యాక ఆట కుంటుతుంది. అందుచేత మీ బోర్డులో 6400, 6500 ఎక్స్‌టీ పెట్టవద్దు. పెడితే 8 జీబీ మెమరీ ఉన్న కార్డు పెట్టండి. ఇంటెల్ ఆర్క్ కార్డుల జోలికి కూడా వెళ్లకండి. అవి రీసైజబుల్ బార్ అనే సదుపాయం లేని పాత బోర్డుల్లో బాగా వెనకబడతాయి.

ప్రాసెసర్ విషయంలో, ఆ సాకెట్‌లో చివరగా వెళ్లదగింది ఐ7-4790. కోర్లు నాలుగే అయినా థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు) ఎనిమిది, వేగం 4 గిగాహెర్ట్జ్ వరకూ వెళుతుంది. మీ ఐ5-4460 కూడా 2014లో వచ్చిన అదే విడత ప్రాసెసర్ కాబట్టి మీ బోర్డు బయోస్ (సిస్టంను మొదట లేపే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) దాన్ని గుర్తుపట్టకపోవడం అనే బెడద ఉండదు. ర్యామ్ ఇంకో 8 జీబీ స్టిక్ పెట్టుకోండి. ఆ బోర్డుకు ఉన్నవి రెండే స్లాట్లు, గరిష్ఠం 16 జీబీ. రెండు స్టిక్కులు అయ్యేసరికి డ్యూయల్ ఛానల్ (రెండు స్టిక్కులతోనూ ఒకేసారి పని చేయించుకోవడం) కూడా వస్తుంది.

పార్క్‌లేన్_బాటసారి
హన్మకొండ గారి వివరణకు ధన్యవాదాలు, కానీ అదంతా నా వాదననే బలపరుస్తోంది. కార్డుకు సగం దారి, ప్రాసెసర్‌కు సెకండ్‌హ్యాండ్ ఐ7, ర్యామ్‌కు సెకండ్‌హ్యాండ్ స్టిక్, ఇదంతా కలిపితే చేతికి మిగిలేది ఏమిటి?

ఇంకో మాట ఎవరూ ఎత్తలేదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో తరం ఇంటెల్ నుంచే. మీది నాలుగోది. మీ కార్డు సంగతీ అంతే. మీ 1050 టీఐ చేరే పాస్కల్ తరం కార్డులకు ఆటల కోసం ఇచ్చే కొత్త డ్రైవర్లను ఎన్విడియా 2025 అక్టోబర్‌తో ఆపేసింది, 2028 అక్టోబర్ వరకూ భద్రతా సవరణలు మాత్రమే వస్తాయి. అన్ని వైపులా తలుపులు మూసుకుంటున్న ఇంటికి కొత్త రంగులు వేయడం ఎందుకు?

బీటెక్_బ్యాక్‌లాగ్
విండోస్ 11ను పాత ప్రాసెసర్ మీద కూడా అడ్డదారిలో ఎక్కించవచ్చు కదా? మా హాస్టల్లో సగం మంది అలాగే వాడుతున్నారు.

హన్మకొండ_హార్డ్‌వేర్
ఎక్కుతుంది, నడుస్తుంది. కానీ ప్రశ్న వేసినవారు వాలరెంట్ ఆడతారు. ఆ ఆటతో వచ్చే వాన్‌గార్డ్ అనే మోసనిరోధక ప్రోగ్రామ్ విండోస్ 11 మీద టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే రెండు భద్రతా సదుపాయాలూ ఉంటేనే ఆటలోకి రానిస్తుంది. విండోస్ 10 మీద ఆ షరతు లేకపోబట్టే ఇంతకాలం ఆయన ఆట సాగింది. అడ్డదారిలో 11 ఎక్కిస్తే ఇప్పుడు ఆడుతున్న ఆట కూడా పోతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్లవుతుంది. ప్రస్తుతానికి విండోస్ 10 మీదే ఉండి, మైక్రోసాఫ్ట్ ఇచ్చే అదనపు భద్రతా అప్‌డేట్లలో నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ వరకూ గడుస్తుంది.

బీటెక్_బ్యాక్‌లాగ్
మా హాస్టల్లో వాలరెంట్ ఎవరికీ ఎందుకు తెరుచుకోవడం లేదో ఇవాళ తెలిసింది. ఇంతకాలం వైఫై వార్డెన్‌ను తిట్టుకున్నాం.

సోఫా_గేమర్
30 వేలకు ఇంత తలనొప్పి అవసరమా? ఇంకొంచెం వేసుకొని ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ గానీ, ఇంకా బాగా వేసుకొని పీఎస్5 గానీ తెచ్చుకొని టీవీకి తగిలించండి. ఎల్డెన్ రింగ్, సైబర్‌పంక్, రెడ్ డెడ్ మూడూ ఆడుకోవచ్చు. దారులూ, ఆంపియర్లూ, పేస్టులూ ఉండవు.

అరవైహెర్ట్జ్
సోఫా గారూ, డబ్బా ధర చెప్పి ఆటల ధర చెప్పకపోవడం న్యాయం కాదు. పీఎస్5లో కొత్తగా వచ్చే పెద్ద ఆట ఒక్కటే సుమారు ఐదు వేలు. స్టీమ్‌లో అదే రకం ఆట ఏడాది ఆగితే సగం ధరకో ఇంకా తక్కువకో వస్తుంది. గోదావరిగట్టు గారు ఇప్పటికే కొనుక్కున్న ఆటలు కూడా కన్సోల్‌కు రావు, మళ్లీ కొనాలి. పైగా ఆ సిస్టం మీద ఇంట్లో ఇంకేమేం పనులు నడుస్తున్నాయో మనకు తెలియదు.

గోదావరిగట్టు
తమ్ముడి ప్రాజెక్టు పనులూ, నాన్నగారి బ్యాంకు పనులూ దాని మీదే. కన్సోల్ కొంటే అవి ఆగవు గానీ, ఈ హార్డ్‌డిస్కు తెరుచుకునేలోపు ఇంట్లో కాఫీ కాగుతోంది.

నిదానమే_ప్రధానం
అయితే ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్కు చేసే పనే చాలా వేగంగా చేసేది) గురించి ఇంక చర్చే అక్కరలేదు, ముందు అదే కొనండి. మీ బోర్డులో ఎమ్.2 స్లాట్ ఉండదు కాబట్టి హార్డ్‌డిస్కు లాగే తీగతో తగిలించే 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ తీసుకోండి. ఎమ్.2 స్లాట్‌లో పెట్టే ఎన్‌వీఎమ్‌ఈ రకం కొని, పీసీఐ అడాప్టర్ తగిలించి, దానినుంచి విండోస్ బూట్ చేయించాలని చూస్తే ఆ తరం బోర్డుల్లో చాలావరకు బయోస్ సహకరించదు. ఆటల్లో సగటు ఫ్రేములు దీనివల్ల పెరగవు. అయితే పెద్ద మైదానాల్లో తిరిగే ఆటల్లో కొత్త ప్రదేశం లోడయ్యేటప్పుడు వచ్చే ఆగుడు బాగా తగ్గుతుంది. సైబర్‌పంక్ అయితే 2023లో వచ్చిన 2.0 అప్‌డేట్ తరువాత కనీస అవసరాల్లోనే ఎస్‌ఎస్‌డీని చేర్చారు.

డల్లాస్_చిన్నోడు
కార్డు ఇక్కడ కొని సంక్రాంతికి వచ్చేవాళ్లతో పంపిస్తే చవకగా పడుతుంది కదా అని ఎవరైనా అనేలోపు నేనే చెబుతాను. ఇక్కడి ధరకు అమ్మకపు పన్ను కలిపితే తేడా అనుకున్నంత ఉండదు. వారంటీ చాలా కంపెనీలకు కొన్న దేశంలోనే చెల్లుతుంది. చెడిపోతే మళ్లీ దాన్ని మోసుకొచ్చే చుట్టాన్ని వెతకాలి.

రాత్రిడ్యూటీ
చుట్టాలు మోసుకు రావడానికి ఇష్టపడే సామాను ఆవకాయ ఒక్కటే, అదీ ఇటునుంచి అటే.

పార్క్‌లేన్_బాటసారి
నేను మొదట చెప్పిన కొత్త సిస్టం లెక్క కాగితం మీద వేశాను. రైజెన్ 5 5600, బీ450 తరహా బోర్డు, 16 జీబీ డీడీఆర్4, ఎస్‌ఎస్‌డీ, మంచి ఎస్‌ఎంపీఎస్. ఈ ఐదింటికే 30 వేలు పూర్తిగా అయిపోతున్నాయి, కార్డు పాత 1050 టీఐనే పెట్టుకోవాలి. వాలరెంట్‌కు అది చాలు. రెడ్ డెడ్ మాత్రం ఇప్పుడున్నచోటే ఉంటుంది. కార్డు ఏడాది తరువాత కొనుక్కోండి.

హన్మకొండ_హార్డ్‌వేర్
ఆ లెక్క 2025 మధ్యలో వేసి ఉంటే నేనూ ఒప్పుకునేవాణ్ని. అప్పట్లో 16 జీబీ డీడీఆర్4 జత మూడు వేల చిల్లరకు దొరికేది. 2025 చివరి నెలలనుంచి ర్యామ్ ధరలు అమాంతం ఎగబాకాయి. మెమరీ తయారుచేసే పెద్ద కంపెనీలు తమ ఉత్పత్తిని కృత్రిమ మేధ డేటా సెంటర్ల వైపు మళ్లించాయి. మైక్రాన్ కంపెనీ 2025 డిసెంబర్‌లో క్రూషియల్ పేరుతో సాధారణ వినియోగదారులకు అమ్మే వ్యాపారంనుంచే తప్పుకుంటున్నట్లు ప్రకటించింది. ఇప్పుడు అదే జతకు రెండు మూడింతలు అడుగుతున్నారు. ఎస్‌ఎస్‌డీలూ అదే దారిలో ఉన్నాయి. బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ కలిపి మార్చడానికి ఇంత చెడ్డ సమయం ఈ మధ్యకాలంలో నేను చూడలేదు.

అందుకని ఏది కొంటే రేపటి సిస్టంలోకి తీసుకుపోవచ్చో దాన్ని ఇప్పుడు కొనండి. ఎస్‌ఎంపీఎస్, ఎస్‌ఎస్‌డీ, కార్డు మూడూ అలాంటివే. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ ధరలు దిగేదాకా పాతవాటితోనే లాగండి. ఐ7-4790 కూడా వద్దు, దాని ధరకు ఇంకొంత కలిపితే కొత్త ఐ3-12100ఎఫ్ వస్తుంది. ఇంతకుముందు నేను దాని పేరెత్తింది ఆ సాకెట్ హద్దు ఎక్కడుందో చెప్పడానికే.

తెనాలి_థ్రెడ్స్
హన్మకొండ గారూ, ఇక్కడ నేను విభేదిస్తాను. నా దగ్గర ఉన్నది బీ85 బోర్డు, అందులో ఐ7-4790, ఆర్‌ఎక్స్ 6600. దీనికి ముందు ఇదే కార్డును ఐ5-4570తో వాడాను కాబట్టి రెండింటి తేడా నాకు తెలుసు. సగటు ఫ్రేములు పెద్దగా మారలేదు. మారింది కుదుపు. నాలుగు థ్రెడ్ల ప్రాసెసర్ మీద రెడ్ డెడ్ 2 ఆడితే సెయింట్ డెనిస్ వీధుల్లో గుర్రం పరిగెడుతుండగా ఫ్రేముల గీత రంపం పళ్లలా కనిపించేది. ఐ7 పెట్టాక ఆ గీత చదునైంది. ఆ ఆట 2019లో పీసీకి వచ్చిన కొత్తలో నాలుగు కోర్ల ప్రాసెసర్ల మీద ఏకంగా గడ్డకట్టుకుపోయేది, తరువాత ప్యాచులతో కొంత సర్దారు. సెకండ్‌హ్యాండ్ ఐ7 తక్కువ ధరకు దొరికితే దాన్ని కొట్టిపారేయకండి.

హన్మకొండ_హార్డ్‌వేర్
తక్కువ ధరకు దొరికితే అన్నది ముఖ్యం. మా దగ్గర ఆ ప్రాసెసర్‌కు గిరాకీ ఎక్కువ, ఎందుకంటే ఈ సాకెట్ ఉన్న ప్రతివారూ చివరికి దాని కోసమే వస్తారు. పదేళ్ల నాటి వస్తువు అయినా అమ్మేవారు పట్టుదలగానే ఉంటారు. నాలుగు వేల లోపు అయితే తీసుకోమంటాను, దాటితే వద్దంటాను.

అరవైహెర్ట్జ్
తెనాలి గారి అనుభవానికి ఒక చిన్న తోక. గోదావరిగట్టు గారి తెర 1600×900. తెర చిన్నదైనకొద్దీ కార్డు మీద బరువు తగ్గి, ప్రాసెసర్ హద్దు ముందే ఎదురవుతుంది. ఆర్‌ఎక్స్ 6600 పెట్టాక రెడ్ డెడ్‌లో సెట్టింగులు పెంచుకుంటూ పోండి, ఫ్రేములు అంతగా పడిపోవు. ఎటూ ఖాళీగా ఉండే కార్డుకు ఆ పని చెప్పడంలో నష్టం లేదు. అయితే జనసంచారం, నీడల దూరం లాంటివి ప్రాసెసర్‌ను కూడా తింటాయి, వాటిని మాత్రం కిందే ఉంచండి. కొత్త ప్రాసెసర్ కొన్నాక పెంచుకోవచ్చు.

గోదావరిగట్టు
ముందుగా శుభ్రం చేసిన ఫలితం చెబుతాను. కూలర్ తీసేసరికి రెక్కల మధ్య గాలి దూరే సందు కూడా లేదు, పేస్టు గోటితో గీకితే పొడిలా రాలింది. కొత్త పేస్టు వేశాక వాలరెంట్‌లో వేడి 74 దగ్గర నిలిచింది, వేగం 3.2 నుంచి కదలడం లేదు. కోర్లు ఇప్పటికీ నిండే ఉంటున్నాయి గానీ ఆ బిగుసుకుపోవడం దాదాపు పోయింది. ఫ్రేములు 60 కిందికి రావడం అరుదు.

దీంతో వాలరెంట్ కోసం ప్రాసెసర్ మార్చవలసిన తొందర నాకు లేదు. ఎస్‌ఎంపీఎస్, 500 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ, ఆర్‌ఎక్స్ 6600, సెకండ్‌హ్యాండ్ 8 జీబీ డీడీఆర్3 స్టిక్ ఒకటి, ఇవి కొనాలనుకుంటున్నాను. కార్డు కొత్తది 20 వేల పైచిలుకు అంటున్నారు, సెకండ్‌హ్యాండ్ అయితే 13, 14 వేలకు దొరుకుతుందంటున్నారు. పాతది తీసుకోవచ్చా? మైనింగ్‌లో (క్రిప్టో నాణేల కోసం రాత్రింబవళ్లు నడిపించడంలో) వాడిన కార్డులని చెప్పి భయపెడుతున్నారు.

పార్క్‌లేన్_బాటసారి
నా ఓటు ఇప్పటికీ కొత్త సిస్టంకే. అయినా కొనేది కార్డే అయితే, అది కొత్తదే కొనండి. మూడేళ్ల వారంటీ ఉన్న వస్తువుకూ, వారంటీ కాగితం పోయిందని చెప్పే వస్తువుకూ మధ్య ఆరు వేల తేడా పెద్దది కాదు.

తెనాలి_థ్రెడ్స్
నా 6600 సెకండ్‌హ్యాండే. మైనింగ్ అన్న మాట వినగానే పారిపోనక్కర లేదు. గట్టిగా పరీక్షించి కొంటే చాలు. అమ్మేవారి ఇంట్లోనో దుకాణంలోనో సిస్టంలో పెట్టించి కార్డును పూర్తి బరువు మీద నడిపించే ఫర్‌మార్క్ లాంటి పరీక్ష పదిహేను నిమిషాలు నడిపించండి. ఆ కార్డుల్లో హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికన్నా వేడెక్కిన చోటు) వేడి మామూలు వేడి కంటే పదిహేను, ఇరవై డిగ్రీలు ఎక్కువ ఉండటం సహజం. ముప్పై దాటితే లోపలి పేస్టు అయిపోయినట్లే. ఫ్యాన్లను వేలితో మెల్లగా తిప్పి చూడండి, గరగరమంటే బేరింగ్ పోయింది. స్క్రూల మీది వారంటీ స్టిక్కర్ చిరిగి ఉందేమో, సీరియల్ నంబర్ బిల్లుతో కలుస్తుందో లేదో చూడండి. బిల్లు లేకుండా వారంటీ ఉందని ఎవరు చెప్పినా నవ్వి ఊరుకోండి.

కరెంటు_కోత
ఎస్‌ఎంపీఎస్ మాత్రం పాతది కొనకండి, ఎవరు ఎంత తగ్గించినా సరే. ఆర్‌ఎక్స్ 6600 తినేది 132 వాట్లు, మీ ప్రాసెసర్ 84. మిగతావన్నీ కలుపుకున్నా 300 లోపే ఉంటుంది కాబట్టి మంచి 450 వాట్ల యూనిట్ సరిపోతుంది. రేపు ఇంకా పెద్ద కార్డు కొనే ఉద్దేశం ఉంటే 550 తీసుకోండి. కార్డుకు వెళ్లే 8 పిన్నుల తీగ ఎస్‌ఎంపీఎస్‌తోనే రావాలి, మోలెక్స్ (పాత డిస్కులకు కరెంటు ఇచ్చే నాలుగు పిన్నుల కొన) నుంచి మార్చే జాయింటు వాడవద్దు. ఇంట్లో 600 వీఏ యూపీఎస్ ఉంటే అది ఇచ్చేది సుమారు 360 వాట్లే. మానిటర్‌తో కలిపి ఆట మధ్యలో కరెంటు పోతే సేవ్ చేసుకొని ఆపడానికి పనికొస్తుంది, ఆడుకోవడానికి కాదు.

గోదావరిగట్టు
సరే, కార్డు కొత్తదే తీసుకుంటాను. ఇంకో సందేహం. నా మానిటర్‌కు వెనుక వీజీఏ, డీవీఐ రెండే ఉన్నాయి, ఇప్పుడు 1050 టీఐకి డీవీఐ తీగతో కలిపి ఉంది. దుకాణంలో చూపించిన 6600కు డీవీఐ లేదు. మానిటర్ కూడా కొనిపించాలని చూస్తున్నారు.

హన్మకొండ_హార్డ్‌వేర్
కొనవద్దు. ఆ కార్డుకు హెచ్‌డీఎమ్‌ఐ, డిస్‌ప్లేపోర్టు ఉంటాయి. ఒక వైపు హెచ్‌డీఎమ్‌ఐ, ఇంకో వైపు డీవీఐ-డీ ఉన్న తీగ రెండు, మూడు వందలకు దొరుకుతుంది. రెండింటిలో ప్రవహించే డిజిటల్ సంకేతం ఒకటే కాబట్టి మధ్యలో ఏ కన్వర్టరూ అక్కరలేదు, స్పష్టత కూడా తగ్గదు. ధ్వని మాత్రం డీవీఐ ద్వారా రాదు, స్పీకర్లు బోర్డుకే ఉంచండి.

బీటెక్_బ్యాక్‌లాగ్
నా మానిటర్‌కు వీజీఏ ఒక్కటే ఉంది. నాకూ ఆ తీగే సరిపోతుందా?

హన్మకొండ_హార్డ్‌వేర్
సరిపోదు. వీజీఏ అనలాగ్, మీకు లోపల చిప్ ఉన్న హెచ్‌డీఎమ్‌ఐ-వీజీఏ కన్వర్టర్ కావాలి. అది నాలుగైదు వందలు అవుతుంది. వంద రూపాయలకు అమ్మే ఉత్త తీగ తీసుకుంటే తెర మీద ఏమీ రాదు.